వరండాలో అడిగిన ప్రశ్న: మన విశ్వవిద్యాలయాల పెద్దలకు బహిరంగ లేఖ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కళాశాలలకు పాఠ్యప్రణాళిక నిర్ణయించి, ప్రశ్నపత్రాలు పంపి, పట్టాలు ఇచ్చే విశ్వవిద్యాలయాల ఉపకులపతులకు, పాఠ్యప్రణాళికా మండళ్ల సభ్యులకు,

నమస్కారం.

నేను ఈ రెండు జిల్లాల డిగ్రీ కళాశాలల్లో 31 ఏళ్లు అర్థశాస్త్రం చెప్పి ఉద్యోగ విరమణ చేసినవాణ్ణి. మీకు విడివిడిగా ఉత్తరాలు రాయవచ్చు. కానీ డిగ్రీ చదువు, పరీక్ష ఏ భాషలో సాగాలన్న ఈ సంగతి పిల్లల తల్లిదండ్రులకూ, ఇప్పుడు పాఠాలు చెబుతున్న అధ్యాపకులకూ తెలియాలని బహిరంగంగా రాస్తున్నాను.

ఉద్యోగం ఆఖరి రోజుల్లో జరిగిన ఒక సంఘటనతో మొదలుపెడతాను. డిగ్రీ అంతా ఇంగ్లీషు మాధ్యమంలోకి మారాక చేరిన తొలి విద్యార్థుల తరగతి అది. ఆ రోజు జాతీయాదాయం పాఠం. మార్కెట్లో డబ్బు చేతులు మారిన పనే లెక్కలోకి వస్తుందని, ఇంట్లో చేసుకునే పని రాదని ఇంగ్లీషులో చెప్పి, నల్లబల్ల మీద నిర్వచనం రాసి, సందేహాలు ఉంటే అడగమన్నాను. అరవై తలలు నోటు పుస్తకాల మీదికి వంగిపోయాయి. గంట కొట్టారు.

వరండాలోకి వచ్చాక ఒక అమ్మాయి వెనకనుంచి పిలిచింది. పలాస అవతల ఒక ఊరి పిల్ల. "మాస్టారూ, ఒక మాట అడగవచ్చా? మా అమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టడానికి వెళ్తుంది. ఆ కూలి జాతీయాదాయంలో కలుస్తుందన్నారు. ఇంటికి వచ్చి మా అందరికీ వండుతుంది, నానమ్మకు స్నానం చేయిస్తుంది, ఆవుకు కుడితి పెడుతుంది. అది కలవదన్నారు. రెండూ పనే కదా మాస్టారూ. రేపు అమ్మకు జబ్బు చేసి వంటకు మనిషిని పెట్టుకున్నామనుకోండి. అదే వంట అప్పుడు లెక్కలోకి వస్తుందా? మా అమ్మ మంచాన పడితే దేశం ఆదాయం పెరిగినట్టా?"

నేను వరండాలో అలాగే నిలబడిపోయాను. కేంబ్రిడ్జి ఆర్థికవేత్త పిగూ సుమారు వందేళ్ల కిందట ఇదే చిక్కును ఎత్తిచూపాడు. యజమాని తన వంటమనిషిని పెళ్లి చేసుకుంటే, ఆమె అదే వంట చేస్తున్నా జాతీయాదాయం తగ్గినట్టు లెక్క వస్తుందన్నాడు. పిగూ పేరైనా వినని పిల్ల, వాళ్లమ్మ చేతుల వంక చూసి, అదే చిక్కును రెండో వైపు నుంచి పట్టుకుంది. "ఈ మాట తరగతిలో ఎందుకు అడగలేదమ్మా?" అన్నాను. "ఇంగ్లీషులో వాక్యం కట్టుకునేసరికి గంట కొట్టేశారు మాస్టారూ" అంది.

ఆ సెమిస్టర్‌లో ఆమెకు మంచి మార్కులే వచ్చాయి. గైడులోని నిర్వచనాన్ని కామా కూడా పోకుండా రాసిందని తోటి పిల్లలు చెప్పారు. వరండాలో అడిగిన ప్రశ్నకు ఆ జవాబుపత్రంలో చోటు లేదు. ఆ ప్రశ్న విని ఉంటే తరగతిలో మిగతా 59 మందికీ జాతీయాదాయం అంటే ఏమిటో నా పాఠం కంటే బాగా తెలిసేది. వాళ్లు వినలేదు. ఈ లేఖ రాయడానికి కారణం ఆ నష్టమే.

2021 జూన్‌లో ఉన్నత విద్యామండలి నిర్ణయం వెలువడింది. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ కళాశాలలన్నీ ఇంగ్లీషు మాధ్యమంలోనే నడవాలన్నారు. అంతకుముందు మన కళాశాలల్లో ఒకే గోడకు అటూ ఇటూ తెలుగు, ఇంగ్లీషు తరగతులు నడిచేవి. గ్రామాల నుంచి వచ్చిన పిల్లల్లో ఎక్కువమంది తెలుగు వైపు ఉండేవారు. ఆ గోడ తీసేశాక అధ్యాపకులు మారలేదు, పిల్లలు మారలేదు, పుస్తకం మాత్రం మారింది. ఇప్పుడు చాలా తరగతుల్లో జరిగేది మీకూ తెలుసు. అధ్యాపకుడు ఇంగ్లీషు పుస్తకంలో ఒక పేరా చదివి, దాన్ని తెలుగులో చెప్పి, మళ్లీ ఇంగ్లీషులో రాయిస్తాడు. పిల్లలు తెలుగులో విన్నదాన్ని వదిలేసి, ఇంగ్లీషులో రాసుకున్నదాన్ని బట్టీ పడతారు. అర్థమైనది ఒక భాషలో, పరీక్షలో రాయవలసింది మరో భాషలో. ఈ రెండింటినీ కలిపే పని ఎవరూ చేయడం లేదు.

పాఠశాలల్లో ఆ పని కొంత జరిగింది. రాష్ట్రంలో పాఠ్యపుస్తకాలను ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషుగా అచ్చువేశారు. ఇంగ్లీషు పేజీలో తడబడిన పిల్లవాడు పక్కకు చూసి సర్దుకోగలడు. అదే పిల్లవాడు డిగ్రీకి వచ్చేసరికి ఎదుటి పేజీ మాయమవుతుంది. నీట్ ప్రశ్నపత్రం 2017 నుంచి తెలుగులో ఉంది. జేఈఈ మెయిన్ 2021 నుంచి ఉంది. గుమ్మం దగ్గర తెలుగులో పలకరించి లోపలికి పిలిచిన పిల్లవాణ్ణి, లోపలికి వచ్చాక నోరు మూసుకుని కూర్చోమంటున్నాం.

ఇక్కడ మీలో కొందరికి కలిగే సందేహం నాకు తెలుసు. ఇంగ్లీషు వద్దని ఒక ముసలి మాస్టారు చెబుతున్నాడని అనుకోవచ్చు. నేను ఆ మాట అనడం లేదు, అనే హక్కు కూడా నాకు లేదు. నా పిల్లలిద్దరూ విశాఖపట్నంలో ఇంగ్లీషు మాధ్యమంలోనే చదివారు. నాకు ఇంగ్లీషు చదివే అలవాటు ఉంది కనుక ఇంటి దగ్గర వాళ్లకు ఆసరా దొరికింది. మత్స్యకారుల ఇంట, కూలీల ఇంట పుట్టిన పిల్లలకూ ఇంగ్లీషు కావాలి. తరతరాలుగా చదువుకు దూరంగా ఉంచిన కులాలవారు ఇంగ్లీషును ఒక దారిగా చూసి పట్టుకుంటున్నారంటే, ఆ దారి మూసేయమనడం అన్యాయం. చదువుకున్న కుటుంబాలు ఇంగ్లీషు తమ పిల్లలకు ఉంచుకుని, పేద పిల్లలకు మాతృభాష గొప్పతనం బోధించడం నాకు ఎప్పుడూ నచ్చలేదు.

అయితే ఇంగ్లీషు మాధ్యమంలో కూర్చోబెట్టడం వేరు, ఇంగ్లీషు నేర్పడం వేరు. మన డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు సబ్జెక్టుకు వారానికి దొరికే గంటలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ గంటల్లో కూడా మాట్లాడేది అధ్యాపకుడే. మిగతా సబ్జెక్టుల్లో ఇంగ్లీషు భయంగా తప్ప భాషగా వాళ్ల దగ్గరకు రావడం లేదు. మూడేళ్లు ఇంగ్లీషు మాధ్యమంలో చదివి, బ్యాంకులో ఒక దరఖాస్తు ఇంగ్లీషులో సొంతంగా రాయలేని పట్టభద్రులను నేను చూశాను. తమ సబ్జెక్టును తెలుగులోనూ వివరించలేకపోవడం చూసినప్పుడు మరింత బాధ కలిగింది. రెండు భాషలూ ఇవ్వబోయి వాళ్ల చేతిలో ఏదీ పెట్టలేదు.

మా వీధిలో మోటారు వైండింగ్ కొట్టు ఉంది. యజమాని కొడుకు పదమూడో ఏట నుంచి తండ్రి పక్కన కూర్చుని పని నేర్చుకున్నాడు. ఇంజనీరింగ్‌లో చేరాడు. మూడో సంవత్సరం వైవాలో, ఒక సింగిల్ ఫేజ్ మోటారు మూలుగుతూ ఉండి తిరగకపోతే కారణం ఏమై ఉంటుందని అడిగారట. ఆ కుర్రవాడు ఆ పని వందసార్లు చేశాడు. కెపాసిటర్ పోతే మోటారుకు మొదటి తోపు అందదు, చేత్తో ఒకసారి తిప్పితే అందుకుని తిరుగుతుంది. ఇదంతా అతని వేళ్లకు తెలుసు, నోటికి తెలుసు, తెలుగులో. ఇంగ్లీషులో చెప్పమనేసరికి "కెపాసిటర్" అని ఆగిపోయాడు. ఆ ఒక్క మాటా సరైన జవాబే. కానీ వివరించలేదని మార్కులు తగ్గించారు. కళాశాల పేరు చెప్పను, ఆ పరీక్షకుణ్ణి తప్పుపట్టను. తెలుగులో చెప్పమనే వెసులుబాటు నిబంధనల్లో ఎక్కడా రాసి లేనప్పుడు ఆయన మాత్రం ఏం చేస్తాడు? ఆ నిబంధన రాయవలసింది మీరు.

ఇప్పుడు మా వైపు తప్పు కూడా చెప్పుకోవాలి. తెలుగు మాధ్యమం నడిచిన రోజులన్నీ బంగారు రోజులు కావు. 1964-66 నాటి కొఠారీ కమిషన్ ఉన్నత విద్య ప్రాంతీయ భాషల్లో జరగాలని చెప్పింది. 1968లో తెలుగు అకాడమీ పుట్టింది. ఎందరో అధ్యాపకులు రాత్రింబవళ్లు కూర్చుని, అంతవరకు తెలుగులో లేని శాస్త్రాలకు పుస్తకాలు రాశారు. మా తరంలో, ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివినవాళ్లం చాలామందిమి ఆ పుస్తకాల వల్లే చదవగలిగాం. ఆ రుణం పెద్దది. కానీ ఆ పుస్తకాల తెలుగు మమ్మల్ని ఎంత దూరం నిలబెట్టిందో కూడా నాకు గుర్తుంది. క్షీణోపాంత ప్రయోజన సూత్రం. డిమాండ్ వ్యాకోచత్వం. "పరిగణించబడుతుంది", "నిర్వచించబడింది", "వస్తువు యొక్క ధర యొక్క మార్పు". ఇంగ్లీషు వాక్యానికి సంస్కృతం తొడుగు వేసి తెలుగు అన్నాం. పిల్లలు దాన్నీ బట్టీ పట్టారు. బట్టీకి భాషాభేదం లేదు.

ఆ క్షీణోపాంత ప్రయోజన సూత్రాన్ని నేను చెప్పిన పద్ధతి ఇది. నాట్లు వేసి మధ్యాహ్నం గట్టెక్కిన మనిషికి మొదటి గ్లాసు చోడంబలి, అంటే రాగి అంబలి, ప్రాణం పోస్తుంది. రెండోది హాయిగా ఉంటుంది. మూడోది మొహమాటానికి తాగుతాడు. నాలుగోది వద్దంటాడు. గ్లాసు పెరిగేకొద్దీ దాని విలువ తగ్గుతోంది, అంతే. ఇది చెప్పాక ఆ పొడుగాటి పేరు పిల్లలకు బరువనిపించేది కాదు. పేరు చివర రావాలి, సంగతి ముందు రావాలి. మాలో చాలామందిమి తిరగేసి చెప్పాం. ఇంగ్లీషుకు మారాక కూడా అదే తిరగేసి చెప్పడం సాగుతోంది.

ఏ భాష అన్నది ఒక ప్రశ్న. ఆ భాష ఎలాంటిది అన్నది ఇంకా పెద్ద ప్రశ్న. ఈ రెండో ప్రశ్నను విశ్వవిద్యాలయం ముందు పెట్టినవారు మన ఊళ్లవారే కావడం నాకు గర్వంగా ఉంటుంది. విజయనగరం కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయం కింద ఉన్న రోజులవి. విద్యార్థులు ఏ తెలుగులో రాయాలన్న చర్చలో గ్రాంథికం వైపు మొగ్గినవారితో గురజాడ అప్పారావు గారు ఏకీభవించలేదు. 1914లో తన అసమ్మతి పత్రం సమర్పించారు. జీవమున్న భాషను చదువులోంచి వెలివేస్తే చదువుకే నష్టమన్నది ఆయన బాధ. ఆ పత్రాన్ని ఆయన ఇంగ్లీషులో రాశారు, అదీ గొప్ప ఇంగ్లీషులో. ఇంగ్లీషు వచ్చినవాడే ఆ పని చేయగలిగాడు. ఆయన మాట ఆ రోజు నెగ్గలేదు. మరుసటి ఏడాది, 1915లో, ఆయన కన్నుమూశారు. ఇప్పుడు విజయనగరంలోని సాంకేతిక విశ్వవిద్యాలయానికి ఆయన పేరే ఉంది.

గిడుగు రామమూర్తి గారి విషయం ఇంకొంచెం వివరంగా చెప్పాలి. 1863లో శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ, కొండల నుంచి వచ్చే సవర ఆదివాసుల మాట విని, ఆ భాష నేర్చుకోవాలనుకున్నారు. సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే పాఠాలు రాసి బడులు పెట్టారు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి. వాడుక తెలుగు కోసం 1919లో పత్రిక పెట్టారు. ఈ రెండు పనులకూ మూలం ఒకటేనని నా నమ్మకం. పిల్లవాడి నోట ఉన్న భాష ఏదో ముందు వినాలి, చదువు అక్కడి నుంచి మొదలవ్వాలి. సవరలకు ఒక న్యాయం, తెలుగువాళ్లకు ఒక న్యాయం ఆయన పెట్టుకోలేదు.

అందుకే తెలుగు అందరికీ ఇంటి భాష అని కూడా నేను అనను. ఇచ్ఛాపురం, మందస వైపు పిల్లలకు ఒడియా ఇంటి భాష. 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లిన సీతంపేట కొండల నుంచి మన కళాశాలలకు వచ్చే సవర, జాతాపు పిల్లలకు తెలుగే రెండో భాష, ఇంగ్లీషు మూడోది. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలై వైద్యం, ఇంజనీరింగ్ కూడా ఉర్దూలో నేర్పింది. భారతీయ భాషలో పెద్ద చదువు సాధ్యం కాదనేవారికి అది జవాబు. అయితే ఆ హైదరాబాదు సంస్థానంలో ఎక్కువమంది ఇళ్లలో మాట్లాడేది ఉర్దూ కాదు. పైనుంచి నిర్ణయించిన ఏ ఒక్క మాధ్యమమైనా కొందరిని గుమ్మం బయట నిలబెడుతుందన్న పాఠం కూడా అక్కడే ఉంది. జపాను, జర్మనీల సంగతి నేను ఎత్తను. మన ఇరుగుపొరుగు అనుభవమే చాలు.

"తెలుగులో పదాలు లేవు కదా" అన్న మాట ప్రతి సమావేశంలోనూ విన్నాను. దానికి జవాబు మన సముద్రతీరంలో ఉంది. కళింగపట్నంలో గాని, భావనపాడులో గాని ఏ మత్స్యకారుణ్ణి అయినా అడగండి. అల్పపీడనం అంటే ఏమిటో, అది వాయుగుండం ఎప్పుడవుతుందో, తీవ్ర వాయుగుండానికి తుపానుకు తేడా ఏమిటో చెబుతాడు. ఓడరేవులో ఎన్నో నంబరు హెచ్చరిక ఎగిరితే వలలు ఎక్కడికి చేర్చాలో చెబుతాడు. అల్పపీడనం పుట్టుకతో పల్లె మాట కాదు, సంస్కృతంతో కట్టిన శాస్త్ర పదమే. క్షీణోపాంతం కంటే తేలికైనదేమీ కాదు. రేడియో, పత్రికలు ఏటేటా పలికాయి, ప్రాణాలు దాని మీద ఆధారపడ్డాయి, అందుకని మనదైంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు, ఆ మాటలు అర్థమైనవాళ్లు ముందే ఇళ్లు ఖాళీ చేశారు.

రెండో ఉదాహరణ ఉద్దానం నుంచి. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో బస్సు ఎక్కి కూర్చోండి. "మీ ఆయనకు క్రియాటినిన్ ఎంతుంది?" అని ఒకావిడ మరొకావిడను అడగడం వినిపిస్తుంది. నూటికి నూరుపాళ్లు పరాయి మాట. దానికి తెలుగు పేరు కోసం ఎవరూ ఆగలేదు. మూత్రపిండాల జబ్బు ఇంటింటికీ వచ్చింది, మాట దాని వెంట వచ్చింది. ఆ ఆడవాళ్లు ఆ అంకె పెరిగితే ఏమవుతుందో, డయాలసిస్ ఎప్పుడు మొదలవుతుందో ఒకరికొకరు చెప్పుకుంటారు. సంస్కృతం నుంచి వచ్చినా, ఇంగ్లీషు నుంచి వచ్చినా, పని పడితే మాట నిలుస్తుంది. పని పడకపోతే నిఘంటువులో పడుకుంటుంది. విశ్వవిద్యాలయం తెలుగుకు పని కల్పించకుండా, తెలుగులో పదాలు లేవనడం న్యాయం కాదు.

ఉద్దానం గురించి ఇంకొక మాట. ఆ జబ్బుకు కచ్చితమైన కారణం ఇప్పటికీ తేలలేదు. నీళ్లు, మట్టి, రక్తం నమూనాలు ఎన్నోసార్లు తీసుకెళ్లారు. పరిశోధన పత్రాలు ఇంగ్లీషులో అచ్చవుతాయి. అవి ప్రపంచానికి చేరాలంటే ఇంగ్లీషులోనే ఉండాలి, ఒప్పుకుంటాను. కానీ రక్తం ఇచ్చిన మనిషికి తన రక్తంలో ఏం కనబడిందో రెండు పేజీల తెలుగులో చెప్పాలన్న నియమం పరిశోధకుడికి ఎందుకు లేదు? నా సహోద్యోగి ఒకరు ఆ ఊళ్లలో కుటుంబాల వైద్య ఖర్చుల మీద సర్వే చేశారు. మరుసటి ఏడాది వెళితే ఒక పెద్దాయన, "బాబూ, పోయినసారి రాసుకెళ్లారు కదా, దాంట్లో ఏం తేలింది?" అని అడిగారట. నివేదిక ఇంగ్లీషులో ఉంది. మా మిత్రుడు అరుగు మీద కూర్చుని నోటితో చెప్పడానికి ప్రయత్నించారు. సగం సంగతులకు తెలుగు మాట తట్టలేదట. తాను రాసిన దానిలో ఏవి తనకే సరిగా అర్థం కాలేదో ఆ అరుగు మీదే తెలిసిందని నాతో అన్నారు. ఆ మాట నేను మరిచిపోలేను.

పొందూరు ఖాదీ మీద కూడా ప్రాజెక్టులు ఎన్నో జరిగాయి. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వే ఆ పనితనానికి తనదైన పదజాలం ఉంది, అది వడికే ఆడవాళ్ల నోట ఉంది. మన పిల్లలు ఆ ఊరు వెళ్లి, తెలుగులో అడిగి, తెలుగులో విని, ఇంగ్లీషులో రాసి ఇస్తున్నారు. మధ్యలో ఆ మాటలన్నీ రాలిపోతున్నాయి. ఒక చేతిపనికి సంబంధించిన పదం పోతే దాని వెనక ఉన్న మెలకువ కూడా కొంత పోతుంది.

మన పిల్లల మౌనానికి ఇంకో కారణం ఉంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు. సినిమాల్లో మన యాసను నవ్వించడానికి వాడుతూ వచ్చారు. అందుకని మన పిల్లవాడు బయటి ఊరివాళ్లున్న తరగతిలో తెలుగులో మాట్లాడటానికీ జంకుతాడు. ఇంగ్లీషు రాదని ఒక బెరుకు, తన తెలుగు సరైనది కాదని మరో బెరుకు. రెండింటి మధ్యా నోరు పెగలదు. నా సాటి అధ్యాపకులే పిల్లల ఉచ్చారణను సరిదిద్దుతూ తరగతిలో నవ్వులపాలు చేయడం చూశాను. ప్రశ్న ఏ యాసలో వచ్చినా ప్రశ్నే. గిడుగు పుట్టిన నేల మీద ఈ మాట మళ్లీ చెప్పవలసి రావడం బాధగా ఉంది.

మీరు ఏం చేయాలని నేను కోరుతున్నానో ఇక సూటిగా చెబుతాను. ఇంగ్లీషు మాధ్యమాన్ని రద్దు చేయమని అడగడం లేదు. ప్రశ్నపత్రం రెండు భాషల్లో అచ్చువేయండి. జవాబు తెలుగులోనో, ఇంగ్లీషులోనో, సాంకేతిక పదాలు ఇంగ్లీషులో ఉంచి వాక్యం తెలుగులోనో రాసుకునే స్వేచ్ఛ ఇవ్వండి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2023 ఏప్రిల్‌లో అన్ని విశ్వవిద్యాలయాలకూ ఇదే రాసింది. కోర్సు ఇంగ్లీషులో ఉన్నా పరీక్ష స్థానిక భాషలో రాయనివ్వమంది. కనుక ఇందులో మీరు ఎవరినీ ధిక్కరించవలసిన అవసరం లేదు. స్పాట్ వాల్యుయేషన్‌కు వచ్చే అధ్యాపకులకు మాత్రం స్పష్టంగా చెప్పాలి, తెలుగు జవాబును తక్కువ చూపు చూడవద్దని. ఆ చూపు నాకు తెలుసు. తెలుగులో రాసిన కట్ట విప్పగానే పెదవి విరిచేవాళ్ల పక్కన ఏళ్ల తరబడి కూర్చున్నాను.

వైవా, సెమినార్ల విషయం పరీక్ష కంటే ముఖ్యమైనది, ఖర్చు లేనిది. విద్యార్థి ముందు తనకు వచ్చిన భాషలో వివరించాలి, ఆ తర్వాత అదే సంగతిని నాలుగు ఇంగ్లీషు వాక్యాల్లో చెప్పడానికి ప్రయత్నించాలి. మొదటిదానికి సబ్జెక్టు మార్కులు, రెండోదానికి ప్రోత్సాహంగా కొన్ని మార్కులు. ఇలా చేస్తే ఇంగ్లీషు కూడా త్వరగా వస్తుందని నా అనుభవం. చెప్పడానికి సంగతి ఉన్నవాడు మాట వెతుక్కుంటాడు. సంగతి లేనివాడు గైడు వెతుక్కుంటాడు.

ఈ ప్రాంతం మీద జరిగే ప్రతి పీహెచ్‌డీకీ, ప్రతి ప్రాజెక్టుకూ రెండు పేజీల తెలుగు సారాంశం తప్పనిసరి చేయండి. సమాచారం ఇచ్చిన ఊరి పంచాయతీకి ఒక ప్రతి పంపండి. అది గ్రాంథికంలో ఉంటే తిప్పి పంపండి. సవర గూడేల మీద జరిగిన పనైతే సవరలో చదివి వినిపించే మనిషిని వెతకండి. ఆ పిల్లలు మన తరగతుల్లోనే ఉన్నారు.

పదకోశం పని హైదరాబాదు, ఢిల్లీల నుంచి రావాలని ఎదురుచూడవద్దు. ఇప్పుడు పిల్లలు ఇంగ్లీషు పేరా ఫోనులో పెట్టి తెలుగులోకి మార్చుకుంటున్నారు. వచ్చే తెలుగు చాలాసార్లు పాత పుస్తకాల తెలుగు కంటే దారుణంగా ఉంటోంది. అయినా దానినే నమ్ముతున్నారు, వేరే దిక్కు లేక. దాన్ని సరిదిద్దగలిగింది పాఠం చెప్పే అధ్యాపకుడే. మన జిల్లాల కళాశాలల్లో ఒక్కొక్క సబ్జెక్టు అధ్యాపకులు ఏటా రెండు రోజులు కలిసి కూర్చుని, తరగతిలో పిల్లలకు నిజంగా అందిన మాటలు, పోలికలు, ఉదాహరణలు పోగుచేస్తే చాలు. ఇంగ్లీషు మాట నిలిచిన చోట ఇంగ్లీషు మాటే ఉంచుదాం. అధ్యాపకులు చేసే ఈ పనికి వాళ్ల సర్వీసులో విలువ ఇవ్వండి. ఇంగ్లీషులో ఎవరూ చదవని పత్రానికి ఇచ్చే విలువలో సగమైనా ఇవ్వండి.

ప్రతి ఏటా ఆగస్టు 29న మీ ప్రాంగణాల్లో గిడుగు వారి పటానికి పూలదండ వేస్తారు. ఈ ఏడాది ఆ రోజుకు ముందు జరిగే అకడమిక్ కౌన్సిల్ సమావేశంలో రెండు భాషల ప్రశ్నపత్రం తీర్మానాన్ని చర్చకు పెట్టండి. ఒప్పుకోకపోయినా ఫరవాలేదు, చర్చ జరగాలి. అసమ్మతి ఉన్నవారు తమ అసమ్మతిని రాసి ఇవ్వాలి.

నన్ను పిలిస్తే వస్తాను. నా దగ్గర ఏడు నోటు పుస్తకాలు ఉన్నాయి. 31 ఏళ్లలో పిల్లలు తరగతి బయట అడిగిన ప్రశ్నలు, పాఠాన్ని వాళ్లు తమ మాటల్లో చెప్పిన తీరు, ఏ పోలికకు ఏ ముఖం వెలిగిందో వాటిలో రాసుకున్నాను. చోడంబలి మొదటి పుస్తకంలో ఉంది. జీడిపిక్కలు కొట్టే తల్లి గురించి అడిగిన ప్రశ్న ఏడో పుస్తకం చివర ఉంది. ఆ అమ్మాయి ఇప్పుడు ఒక గ్రామ సచివాలయంలో ఉద్యోగి. పోయిన సంక్రాంతికి కనబడితే, "ఆ ప్రశ్నకు జవాబు పూర్తిగా చెప్పలేదు మాస్టారూ, బస్సు వచ్చేసింది ఆ రోజు" అని గుర్తుచేసింది. ఏడు పుస్తకాలూ తీసుకుని వస్తాను. సమావేశం ఎప్పుడో తెలియజేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత అర్థశాస్త్ర అధ్యాపకుడు,
శ్రీకాకుళం